స్నేపు ఎవరి పక్షము?

మా పాఠశాల గ్రంథాలయమునందు అట్టలూడి, అంచులు నలిగి, మరల మరల కుట్టబడిన పుస్తకములు కొన్ని కలవు. వానిలో హ్యారీ పాటర్ కథలు ముఖ్యములు. ఆంగ్ల రచయిత్రి జె. కె. రౌలింగ్ 1997 మొదలు 2007 వఱకు ఏడు సంపుటములుగా ప్రకటించిన యీ కథలను మన విద్యార్థులు చదువుటయే గాక, మధ్యాహ్న విరామమున చెట్టుక్రింద చేరి పాత్రలను గూర్చి వాదులాడుచుందురు. ఇది కాలహరణమని కొందఱు తలిదండ్రులు మాతో ననియున్నారు. వారి యభిప్రాయమును గౌరవించుచునే మేము వేఱొక మాట మనవి చేయదలచితిమి.

2005వ సంవత్సరము జూలై నెలలో ఆఱవ సంపుటము వెలువడెను. దాని చివర సెవెరస్ స్నేప్ అను నుపాధ్యాయుడు, తన్ను సంపూర్ణముగ నమ్మిన ప్రధానోపాధ్యాయుడగు డంబుల్‌డోరును గోపురముపై తన చేతితోనే చంపెను. ఏడవ సంపుటము 2007 జూలైలో గాని రాలేదు. ఆ రెండేండ్లును పాఠకలోకము రెండు పక్షములుగా చీలెను. ఒక ప్రక్కనుండి తెఱచిన స్నేపు దోషియనియు, త్రిప్పి తెఱచిన నిర్దోషియనియు వాదించు పుస్తకమొకటి 2007లో అమెరికాయందు అచ్చయ్యెననిన, ఆ తగవెంత ముదిరెనో యూహింపవచ్చును.

ద్రోహి యనువారి యాధారములు బలమైనవే. అతడు పూర్వము దుష్టుడగు వోల్డెమార్టు సేవకుడు. శత్రుపక్షమునందలి యొక తల్లికి మీరరాని శపథము చేసి యిచ్చినవాడు. హత్య కన్నులయెదుట జరిగినది. ఇక నేమి కావలెను?

విశ్వాసపాత్రుడనువారు మఱింత శ్రద్ధతో చదివిరి. డంబుల్‌డోరు చేయి శాపముచే ముందే మాడియుండెను గదా యనిరి. చివరి క్షణమున నాతడు వేడుకొనినది ప్రాణము నిలుపుమనియా, తీయుమనియా యని ప్రశ్నించిరి. పాఱిపోవుచున్న స్నేపు, తన్ను తఱుముచున్న హ్యారీని చంపగలిగియు చంపలేదని చూపిరి. మొదటి సంపుటమున స్నేపునే యనుమానింపజేసి, దోషి క్విరెల్ అని తుదకు తెలిపిన రచయిత్రి, మూడవ సంపుటమున సిరియస్ బ్లాక్ విషయమందును అట్లే చేసినదని జ్ఞాపకము చేసిరి. ఏడవ సంపుటము వీరి పక్షమే నిలిచెను. మరణము సమీపించిన డంబుల్‌డోరే ఆ పని చేయుమని స్నేపును కోరియుండెను.

ఇట్టి వాదము వ్యర్థమని మేము తలపము. వ్రాసిన దానిని మరల చదువుట, సాక్ష్యము నెత్తి చూపుట, కంటికి కనబడినదెల్ల సత్యము కాదని గ్రహించుట: వ్యాకరణ తరగతిలో మేము నేర్పజాలని విద్య యిది.

కాని మా బాలురు మఱచుచున్న ప్రశ్న యొకటి కలదు. స్నేపు ఎవరి పక్షమో తేలినది. అతడు మంచి యుపాధ్యాయుడా? నెవిల్ అను బాలుని తలిదండ్రులు శత్రువుల హింసచే మతి చలించి ఆసుపత్రిలో నుండిరి. అయినను లోకమున నీకు మిక్కిలి భయమేదని యడిగినప్పుడు ఆ బాలుడు చెప్పినది శత్రువుల పేరు కాదు, స్నేపు పేరు. ఎంత గొప్ప కార్యమునకు కట్టువడినను, ఎదుట బల్లపై కూర్చున్న పసివానిని వణకించుట ఒప్పు కాజాలదు. ఈ మాట మేము ముందు మాకే చెప్పుకొనుచున్నాము.

ఏలయన, కొన్ని యేండ్లక్రిందట మా తరగతిలో నొక బాలుని జామెట్రీ పెట్టె కనబడకపోయెను. ఎప్పుడును ముఖము మాడ్చుకొనియుండు మఱొక బాలుని మేము గద్దించితిమి. అతడు మాఱు పలుకలేదు. ఆ మౌనమునే నేరము నొప్పుకొనుటగా నెంచితిమి. మఱునాడు పెట్టె బీరువా వెనుక దొరికెను. తరగతి యెదుటనే అతని క్షమాపణ కోరితిమి గాని, ఆ సంవత్సరమంతయు నతడు మా వంక సూటిగ చూడలేదు. స్నేపు విషయమున పాఠకులు రెండేండ్లు ఓపికతో సాక్ష్యము వెదకిరి. మాకు ఆనాడు రెండు గడియల యోర్పు లేకపోయెను.

కావున తలిదండ్రులారా, చెట్టుక్రింది వాదము నాపవలదు. బాలబాలికలారా, వాదింపుడు. ఎవనినైనను ద్రోహి యనుటకు ముందు ఆధారమే పుటలో నున్నదో చూపుడు. ఎవనినైనను వీరుడని మెచ్చుటకు ముందు, తనకంటె బలహీనుని యెడల నాతడెట్లు మెలగెనో విచారింపుడు. ఈ రెండు ప్రశ్నలును కథలోని మనుష్యులకే గాక, ప్రక్క బల్లపై కూర్చున్న వానికిని, మీ యెదుట నిలిచిన మాకును వర్తించును.