బావి నాడిని పట్టువా రెవ్వరు?

వైద్యుఁడన రోగి నాడిని పట్టువాఁడే యని మనవారి తలంపు. ఊరి బావి నాడిని పట్టువా రెవ్వరు? 1937లో షార్టు మొదలగు పరిశోధకులు నెల్లూరు మండలమున త్రాగునీటి ఫ్లోరైడే యెముకలను పాడుచేయుచున్నదని ప్రకటించిరి. 1973లోను ఫ్లోరైడు నీటి పల్లెలలో పిల్లల మోకాళ్లు వంగుచునే యున్నవని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు వ్రాయవలసివచ్చెను. కారణము తెలిసెను, నీరు మాఱదాయెను!

పులివెందుల చెంత తుమ్మలపల్లె యురేనియపు కర్మాగారపు వ్యర్థముల చెఱువువలన తమ బోరుబావులు చెడినవని పల్లెవారు పలుమాఱులు మొఱపెట్టిరి; కర్మాగారమువారు కాదనిరి. ఈ తగవు తీర్చవలసినది స్వతంత్రమైన పరీక్ష కాదా? ఆ ఫలితము ప్రతి పఠనమందిరమునను తెలుఁగున వ్రేలాడవలదా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల విద్యావంతులారా! ప్రజారోగ్య పరిశోధనను వృత్తిగాఁ గొనుఁడు. సీసాతో బావికడకు పొండు; ఫలితముతో ప్రభుత్వము కడకు పొండు. రెండవది లేని మొదటిది సగము సేవయే!