కాన్పు ఎవరి చేతిలో?

మా శ్రీనగర్ కాలనీలో ఈమధ్య ఏ ఇంట్లో సీమంతం జరిగినా గాజులు తొడిగే పేరంటాళ్ల మధ్య ఓ కొత్త ప్రశ్న వినిపిస్తోంది. "డాక్టరు దగ్గరికా, మిడ్‌వైఫ్ దగ్గరికా?" అని. పెద్దవాళ్లకు ఆ మాట వింటేనే ఒళ్లు మంట. "మంత్రసానుల చేతుల్లో ఎంతమంది పోయారో మేం చూశాం. మళ్లీ ఆ రోజుల్లోకి పోతారా?" అని కసురుకుంటారు. అమ్మాయిల భయం వేరు. "ఆస్పత్రి గడప తొక్కితే కోత తప్పదట కదా ఆంటీ" అంటారు.

ఈ రెండు భయాల్లోనూ నిజం ఉంది. ఏది ఎంత నిజమో ఒక్కసారి లెక్కలు తీసి చూద్దాం.

లెక్కలేమంటున్నాయి?

ముందు పెద్దవాళ్ల మాట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు దేశం మొత్తం మీద 97 మంది తల్లులు చనిపోతే, తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. ఆస్పత్రి, రక్తం, మందులు, అవసరమైనప్పుడు ఆపరేషన్ అందుబాటులో ఉండటం ఇందులో పెద్ద కారణం. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉన్నా, గుర్రపువాతం వచ్చినా కాపాడేది డాక్టరే. దీన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు.

ఇక అమ్మాయిల మాట. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 81.5! దేశం సగటు 21.5 మాత్రమే. ఆపరేషన్లు నూటికి పది, పదిహేను దాటడానికి కారణం కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. జనాభా మొత్తంలో పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అందువల్ల తగ్గడం లేదని 2015లో మళ్లీ చెప్పింది.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో సిజేరియన్లు 42.4 శాతం. అదీ ఎక్కువే. అయినా ఒకే భాష, ఒకే తిండి, ఒకే తీరు శరీరాలున్న ఆడవాళ్లకు సరిహద్దు దాటగానే కాన్పు కష్టమైపోతుందా? తేడా మన ఒంట్లో లేదు, కాన్పు చేసే పద్ధతిలో ఉంది.

డబ్బాశ ఒక్కటేనా?

"డాక్టర్లకు డబ్బు కావాలి, అందుకే కోస్తారు" అనేయడం సులువు. డబ్బు సంగతి లేకపోలేదు. కానీ డబ్బే కారణమైతే, రూపాయి పుచ్చుకోని సర్కారు ఆస్పత్రుల్లో కూడా 44.5 శాతం ఆపరేషన్లు ఎందుకున్నట్టు?

అసలు కొరత ఓపికకీ, సమయానికీ. తొలి కాన్పు నొప్పులు పది, పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడతాయి. అంతసేపూ పక్కన కూర్చుని నడిపించేదెవరు? ఓపీ చూసి, ఆపరేషన్లు చేసి, రాత్రి మళ్లీ పరుగెత్తుకొచ్చే ఒక్క డాక్టరు వల్ల అవుతుందా? చిన్న నర్సింగ్ హోముల్లో అర్ధరాత్రి మత్తు డాక్టరు దొరకడు. అందుకని పగలే ముగించేస్తారు. ఏదైనా అటూ ఇటూ అయితే బంధువులు అద్దాలు పగలగొడతారన్న భయం ఒకటి.

మన వంతు కూడా ఉంది. నక్షత్రం చూసి, పంతులుగారితో ముహూర్తం పెట్టించి, "ఉదయం తొమ్మిదీ పదికి తీసెయ్యండి" అని అడిగేది మన ఇళ్లవాళ్లే కదా!

ఒకసారి కోత పడితే తర్వాతి కాన్పుకూ కోతే అంటారు. నాకూ అదే చెప్పారు. ఎందుకని అడిగితే "అంతేనమ్మా" అన్నారు. మొదటిది ఆపరేషన్ అయినా, అన్ని వసతులూ ఉన్నచోట, జాగ్రత్తగా చూసుకుంటే చాలామందికి రెండోది మామూలుగా కావచ్చు. పైగా కోతలు పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

మంత్రసాని వేరు, మిడ్‌వైఫ్ వేరు

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని సామెత. పాపం, ఆవిడకు చదువూ లేదు, రక్తం ఎక్కించే వీలూ లేదు. ఉన్నదల్లా ఓపిక. ఆ ఓపికకు చదువునీ, పక్కన ఆస్పత్రినీ జోడిస్తే ఈనాటి మిడ్‌వైఫ్.

ఇది సినిమావాళ్ల ఫ్యాషన్ అనుకుంటారు కొందరు. కాదు. 1948 నుంచి ఉన్న హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్ ఆ సంస్థతో కలిసి కరీంనగర్‌లో ముప్ఫై మంది సర్కారు నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ ఆరంభించాయి. ఆపరేషన్లు బాగా ఎక్కువగా జరిగే జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. 2018 డిసెంబరులో కేంద్రం కూడా దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది.

ఏ చిక్కూ లేని గర్భిణిని మిడ్‌వైఫ్ చూస్తుంది. నడిపిస్తుంది, నడుం రాస్తుంది, బిడ్డ గుండె చప్పుడు వింటుంది. తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుని పిలుస్తుంది. అంటే ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండాలి. ఏ చిక్కూ లేని తల్లికి కూడా కాన్పయ్యాక ఉన్నట్టుండి రక్తస్రావం కావచ్చు. అందుకే ఇంట్లో కాన్పు, యూట్యూబ్ చూసి కాన్పు అనే సాహసాలకు నేను ఒప్పుకోను. బీపీ, షుగరు, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ ఉంటే మొదటినుంచీ డాక్టరే చూడాలి.

ఇవి అడగండి

ఏడో నెలలోనే నోరు విప్పి అడగండి. ఈ ఆస్పత్రిలో నూటికి ఎన్ని ఆపరేషన్లు? నొప్పులప్పుడు నా పక్కన ఎవరుంటారు? అమ్మనో, ఆయన్నో లోపలికి రానిస్తారా? రాత్రిపూట మత్తు డాక్టరు, రక్తం దొరుకుతాయా? ఆపరేషన్ కావాలంటే కారణం నాకు చెప్తారా? సర్కారు ఆస్పత్రిలో కూడా కాన్పు గదిలో ఒక తోడు మనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. తోడుంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి.

ఒక్క మాట మరిచిపోవద్దు. ఎంచుకునే వీలు మనకుంది. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి నొప్పులొస్తే పేట్లబురుజుకో, కోఠీకో వెళ్తుంది. ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్లే ఆమెకు దిక్కు. కసరకుండా చేయి పట్టుకునే చదువుకున్న మనిషి అక్కడ ఒకరుంటే, అవసరం లేని కోత తప్పుతుంది, అవసరమైన కోత వేళకు అందుతుంది. మన సీమంతాల్లో అడిగే ప్రశ్న ఆమె తరఫున కూడా అడగాలి. ప్రతి సర్కారు కాన్పుల ఆస్పత్రిలో మిడ్‌వైఫ్ ఎప్పుడు వస్తుందని, ఓటు అడగడానికి వచ్చినవాళ్లను నిలదీద్దాం.