పదో తారీఖు దాటితే వడ్డీ లేదా?

పోస్టాఫీసు పొదుపు ఖాతాకి 4 శాతం వడ్డీ. స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతాకి 2025 జూన్ నుంచి రెండున్నర శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఎవరైనా పోస్టాఫీసు వైపే మొగ్గుతారు. పైగా పోస్టాఫీసులో సొమ్ముకి కేంద్ర ప్రభుత్వమే పూచీ. బ్యాంకులో అయితే డిపాజిట్ బీమా 5 లక్షల దాకానే.

నేను బ్యాంకు కౌంటర్లో క్లర్కుగా చేసి రిటైరైన మనిషిని. మాది తెనాలి. పాస్‌బుక్‌తో పని పడితే మా వీధిలో ఆడవాళ్లు ముందు మా ఇంటికే వస్తారు. కిందటి నెల టైలరింగ్ చేసే ఆవిడ వచ్చింది. "అక్కా, చీటీ డబ్బులు నలభై వేలు చేతికొచ్చాయి. ఎక్కడ వేయమంటావ్?" అంది. "పోస్టాఫీసులో వెయ్యి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయొచ్చు. కానీ ఆవిడ డబ్బు ఒకచోట కదలకుండా ఉండేది కాదు. పెళ్లిళ్ల రోజులొస్తే లైనింగ్ గుడ్డ, అంచులు టోకున తెచ్చుకుంటుంది. కుట్టుకూలి రాగానే మళ్లీ జమ చేస్తుంది. ఇలాంటి ఖాతాదారుకి పోస్టాఫీసు నాలుగు శాతం నాలుగు శాతంగా చేతికి రాదు.

దానికి కారణం ఒక నిబంధన. పోస్టాఫీసు పొదుపు ఖాతాలో పదో తారీఖు ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఏ రోజు నిల్వ అన్నిటికంటే తక్కువగా ఉంటే, ఆ నెల మొత్తానికీ ఆ తక్కువ అంకె మీదే వడ్డీ కడతారు. పదకొండో తారీఖున లక్ష వేసినా ఆ నెలకి దాని మీద పైసా రాదు. ఇరవయ్యో తారీఖున తీసి ఇరవై అయిదున తిరిగి వేసినా, నెలంతా ఆ డబ్బు లేనట్టే లెక్క.

క్యాలెండర్ కాగితం వెనక ఆవిడకి లెక్క వేసి చూపించాను. 30 రోజుల నెల, ఖాతాలో 40 వేలు. ఇరవయ్యో తారీఖున 30 వేలు తీసింది, ఇరవై అయిదున వేసేసింది. పోస్టాఫీసులో ఆ నెల వడ్డీ 10 వేల మీదే, అంటే 33 రూపాయలు. డబ్బు ముట్టుకోకపోతే 133 వచ్చేది. అయిదు రోజుల వాడకానికి వంద రూపాయలు పోయాయి. అదే డబ్బు రెండున్నర శాతమిచ్చే బ్యాంకులో ఉండి, అలాగే తీసి అలాగే వేస్తే సుమారు 72 రూపాయలు. తక్కువ వడ్డీ ఇచ్చే చోట రెట్టింపు పైన వచ్చింది! కారణం ఒకటే. బ్యాంకు ఏ రోజు నిల్వ మీద ఆ రోజుకి వడ్డీ కడుతుంది.

బ్యాంకులు మాత్రం మొదటి నుంచీ ఇంత ధర్మంగా ఉన్నాయా అంటే, లేదు. 2010 మార్చి దాకా మా కౌంటర్లోనూ ఈ పదో తారీఖు లెక్కే. చేతిరాత లెడ్జర్ల కాలంలో దానికి అర్థం ఉంది. ఆర్నెల్లకోసారి వడ్డీ వేసే రోజులొస్తే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్లం. ఒక్కో పేజీ తిరగేసి, నెలకో కనిష్ఠ నిల్వ పెన్సిల్‌తో అంచున రాసి, కూడి, వడ్డీ కట్టి, పక్క సీటు వాళ్లతో సరిచూపించుకునేవాళ్లం. వేల ఖాతాలకి రోజువారీ లెక్క కట్టమంటే మనుషుల వల్ల అయ్యేది కాదు. కంప్యూటర్లొచ్చాక ఆ సాకు పోయింది. రిజర్వు బ్యాంకు 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీదే వడ్డీ ఇవ్వాలంది, బ్యాంకులు ఇచ్చాయి. అందుకు ఏ బ్యాంకూ దివాలా తీయలేదు.

పోస్టాఫీసులకీ ఇప్పుడు కోర్ బ్యాంకింగ్ ఉంది. 2022 బడ్జెట్‌లో లక్షన్నర పోస్టాఫీసులనూ అందులోకి తెస్తామని ప్రకటించారు. రోజువారీ నిల్వ ఎంతో ఆ కంప్యూటర్‌కి తెలుసు. తెలిసీ నెలకి ఇరవై రోజుల కనిష్ఠం దగ్గర ఆగిపోమని దానికి చెప్పింది నిబంధనే. అదేమైనా ఎప్పటిదో మరిచిపోయిన కాగితమా అంటే, కాదు. 2019 డిసెంబరులో పోస్టాఫీసు పొదుపు ఖాతా పథకాన్ని కొత్తగా నోటిఫై చేసినప్పుడు కూడా ఆ వాక్యాన్ని అలాగే ఉంచారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

పీపీఎఫ్, సుకన్య సమృద్ధిలోనూ ఇలాంటి తారీఖు ఉంది, అయిదు. వాటి జోలికి నేను పోను. అవి ఏళ్ల తరబడి కదలని సొమ్ములు, అయిదులోపు వేస్తే చాలు. పొదుపు ఖాతా అలా కాదు, తీసి వాడుకోవడానికే పెట్టుకునేది. ఇందులో ఎక్కువ నష్టపోయేది ఎవరో చూడండి. ఒకటో తారీఖున జీతం, పింఛను పడేవాళ్లకి ఇబ్బంది లేదు. పన్నెండుకో పదిహేనుకో జీతం చేతికొచ్చే ప్రైవేటు స్కూలు టీచరు, పాల బిల్లు వచ్చినప్పుడే జమ చేయగల రైతు, నెల మధ్యలో ఆసుపత్రి ఖర్చు మీద పడే ఇల్లు, వీళ్లకే కోత.

"తేడా ఎంత, నెలకి వంద రూపాయలేగా" అనేవాళ్లుంటారు. వంద అంటే ఆవిడకి ఒక జాకెట్టు కుట్టుకూలి. రోజువారీ లెక్క పెడితే ప్రభుత్వానికి వడ్డీ భారం పెరుగుతుందన్నది మరో వాదన. పెరుగుతుంది, కాదనను. మిగతా చిన్న పొదుపు పథకాల రేట్లు ఎన్నోసార్లు మారినా ఈ ఖాతా 2011 డిసెంబరు నుంచి 4 దగ్గరే ఉంది. నాలుగు ఇవ్వడం కష్టమైతే మూడున్నరే ఇస్తామని బాహాటంగా చెప్పనీ. బోర్డు మీద నాలుగు రాసి లెక్కలో తెగ్గోయడం మర్యాద కాదు.

ప్రతి మూడు నెలలకీ ఆర్థిక శాఖ చిన్న పొదుపు రేట్లు ప్రకటిస్తుంది. వచ్చే ప్రకటనకి ముందే ఆ పథకంలో ఈ ఒక్క వాక్యాన్ని సవరించవచ్చు. అప్పటిదాకా పోస్టాఫీసులో పొదుపు ఖాతా ఉన్నవాళ్లు జమ చేసేది పదో తారీఖులోపు చేయండి. ఆగగలిగితే, తీసేది మరుసటి నెల ఒకటి తర్వాత తీయండి. టైలర్ ఆవిడ డబ్బు రెండుగా విడగొట్టాం. సరుకు కోసం తిరిగే 30 వేలు బ్యాంకులో వేసింది, కదిలించనని మాటిచ్చిన 10 వేలు పోస్టాఫీసులో వేసింది. పదో తారీఖుకి ఇంకా రెండు రోజులుండగానే.