కంప్యూటర్ గడియారానికి తాళం ఎందుకు?

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు కంప్యూటర్ గదిలోంచి పరుగున వచ్చాడు. "మాస్టారూ, వెబ్‌సైట్లేవీ తెరుచుకోవడం లేదు. తేదీ చూస్తే 2015 అని వుంది. సరిచేద్దామంటే నాకు అధికారం లేదంటోంది. గోడ గడియారాన్నయితే కుర్చీ ఎక్కి ఎవరైనా తిప్పుతారు గదా, దీనికింత పెత్తనం దేనికండీ?" అన్నాడు.

కరెంటు తీసేసినా కంప్యూటర్‌లో ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ కాలాన్ని లెక్కపెడుతుంది. దానికి ఆధారం రూపాయి బిళ్లంత లిథియం బ్యాటరీ. సెలవుల్లో అది కాస్తా అయిపోయింది. ఇక వెబ్‌సైట్ల సంగతి. ప్రతి సైటూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే గుర్తింపు పత్రం చూపాలి. 2015లో వున్నాననుకునే యంత్రానికి ఆ పత్రాలు ఇంకా పుట్టనే లేదు!

అయినా తాళం వుండవలసిందేనని నా అభిప్రాయం. గడియారాన్ని వెనక్కి తిప్పగలిగితే గడువు తీరిన పత్రం మళ్ళీ చెల్లుతుంది. ఎవరు ఏ ఫైలును ఎప్పుడు మార్చారో రాసే చిట్టా అబద్ధాలాడుతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ముల్లు వెనక్కి తిప్పి హాజరుపట్టీలో సంతకం చేసినట్లన్నమాట. (ఇది మా ఉపాధ్యాయులకూ వర్తిస్తుందని ఒప్పుకుంటున్నాను.)

విండోస్‌లో మామూలు వినియోగదారు గడియారాన్ని మార్చలేడు. ఫ్రీబీఎస్‌డీ అనే వ్యవస్థ ఇంకా కఠినం. అందులో రక్షణ స్థాయిని 2కు పెంచితే, సర్వాధికారి కూడా ఒక్కసారిగా ఒక సెకను మించి మార్చలేడు. యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప ఆ స్థాయి దిగదు. యజమానినే ఎందుకు కట్టడి చేయాలి? పాస్‌వర్డ్ దొంగిలించినవాడికీ అవే అధికారాలు వస్తాయి గనుక.

మరి చిన్న చిన్న తేడాలు సరిదిద్దేదెలా? మన బందరు కాలువ లాకులు చూసే వుంటారు. పడవలు తిరిగిన రోజుల్లో పై నీటినుంచి కింది నీటికి పడవను ఒక్కసారిగా దించేవారు కాదు. రెండు తలుపుల నడుమ నిలిపి, నీటిని మెల్లగా తీసేవారు. కంప్యూటర్ గడియారాన్నీ అలాగే కొంచెం వేగంగానో నిదానంగానో నడిపిస్తారు. కాలం ఎక్కడా వెనక్కి పోదు. లైనక్స్‌లో ఈ సర్దుబాటు మామూలుగా సెకనుకు 2,000వ వంతు మించదు. అంటే ఒక్క నిమిషం తేడా పూడ్చడానికి 33 గంటలకు పైగా పడుతుంది. మా కంప్యూటర్ పదేళ్ళు వెనకబడింది. లెక్కకట్టండి, 20,000 సంవత్సరాలు!

కాబట్టి తాళంచెవి వున్న మనిషి రావాలి. నా ఫిర్యాదల్లా అక్కడే. మా బడిలో ఆ పాస్‌వర్డ్ ఒకే ఒక్కరికి తెలుసు. ఆయనేమో పెళ్ళికి ఊరెళ్ళారు. రెండు రోజులు ఇరవై మంది పిల్లలు కంప్యూటర్ల ముందు ఊరికే కూర్చున్నారు. తాళం వేయడం నేర్చిన మనం తాళంచెవి ఎక్కడ పెట్టాలో ఆలోచించలేదు.

ఆయన వచ్చి బ్యాటరీ మార్చి, పాస్‌వర్డ్ కొట్టి తేదీ సరిచేయడానికి పది నిమిషాలు పట్టలేదు. ఇప్పుడు ఆ పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో హెడ్మాస్టరుగారి బీరువాలో వుంది. బ్యాటరీ మార్చిన తేదీని చీటీ మీద రాసి కంప్యూటర్ డబ్బా వెనుక అంటించినవాడు ఆ తొమ్మిదో తరగతి కుర్రవాడే.