గార పళ్ళు ఎవరి తప్పు?

నా పళ్ళకు గార ఉంది. చిన్నప్పుడు మా అమ్మ ఇటుకపొడి పెట్టి తోమేది. చిగుళ్ళు చీరుకుపోయాయి గానీ గార పోలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు "ఈ పిల్లకు శుభ్రత లేదు" అన్నారు.

ఈ గార మురికి కాదు, ఫ్లోరోసిస్. ఎనిమిదేళ్ళలోపు, చిగురు కింద పళ్ళు తయారయ్యే వయసులో, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే పళ్ళ పైపొర దెబ్బతింటుంది. ఆ తర్వాత ఎంత తోమినా పోదు. మా అనంతపురంలో వానలు తక్కువ. బావులు ఎండేకొద్దీ బోర్లు లోతుకు దిగాయి. రాతిపొరల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్ళు కాచినా అది పోదు.

రోజూ పళ్ళు తోముకోవాలి, వక్కాకు, పొగాకు మానాలి. పుచ్చిపళ్ళు, చిగుళ్ళ జబ్బులు, నోటి క్యాన్సర్ నుంచి కాపాడుకోవడానికి ఇవి అవసరమే. కానీ శుభ్రత పేరుతో నీటి తప్పును ఆడపిల్ల మీద వేయడం అన్యాయం కాదా?

1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు పథకం జిల్లాలో వందల ఊళ్ళకు తాగునీరు తెచ్చింది. అంటే, పూనుకుంటే మంచినీళ్ళు వస్తాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్, ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పాలంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరు? పరీక్షలో ఏం తేలింది? ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయించేదాకా అడుగుదాం. బిందె మోసేది మనమే. అందులో ఏముందో తెలుసుకునే హక్కూ మనదే.