బాయి సంపాదన ఎవరి పాలవుతోంది?

గని కార్మికుడు పదవీ విరమణ పొంది, గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ సొమ్ము చేతికందుకున్న నెలలో గోదావరిఖనిలో ఒక విశేషం చూస్తాము. అంతవరకు ఆ గడప తొక్కని బంధువులు రాకపోకలు మొదలుపెడతారు. ఒకరు ప్లాటు కొనమంటారు, ఒకరు చిట్టీ వేయమంటారు. కొన్నేళ్లుగా మూడవ మాట ఒకటి వచ్చి చేరింది: క్రిప్టో.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారము. మహల్లాలో దరఖాస్తులు రాసిపెట్టడం, పింఛను కాగితాలు సరిచూడడం ఇప్పుడు మా పని. ఆమధ్య అసర్ నమాజు తరువాత ఒక విశ్రాంత కార్మికుడు తన సెల్‌ఫోను మా చేతిలో పెట్టి, "భాయ్‌సాబ్, పైసలు కనపడుతున్నాయి గాని బయటకు వస్తలేవు, జర చూడుండ్రి" అన్నాడు. ఆయన వేసింది మూడు లక్షలు. తెర మీద కనిపిస్తున్నది ఎనిమిది లక్షలు. తీసుకోవాలంటే ముందుగా పన్ను కట్టాలని ఆ యాప్ అడుగుతున్నది. వేయించినవాడు స్వయానా తోడల్లుడు.

గని పైకప్పు చేసే చిన్న చప్పుడును బట్టే ప్రమాదాన్ని పసిగట్టిన మనిషి, ఫోనులోని అంకెను ఎందుకు నమ్మినట్టు? అత్యాశ అని తేల్చివేయడం సులభం. ఆ తీర్పును మేము అంగీకరించము.

లెబనాన్‌లో 2019 తరువాత బ్యాంకులు ప్రజల డిపాజిట్లను బిగపట్టాయి. టర్కీ, అర్జెంటీనాలలో కరెన్సీ విలువ కరిగిపోయింది. అక్కడి జనం క్రిప్టో వైపు చూశారంటే అర్థం ఉన్నది, చేతిలోని డబ్బే నమ్మదగనిది అయింది. మన దగ్గర రూపాయికి అంత దుర్గతి పట్టలేదు. బ్యాంకు మూతపడినా డిపాజిటుదారునికి 5 లక్షల వరకు బీమా ఉన్నది. మరి ఇక్కడి మనిషిని అటు నెట్టుతున్నదేమిటి?

మొదటిది ఆదాయంలోని అంతరం. 2024 సెప్టెంబరులో సింగరేణి లాభాలలో 796 కోట్లు కార్మికులకు వాటాగా ప్రకటించారు. పర్మనెంటు కార్మికునికి సగటున 1.90 లక్షలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు. ఒకే బొగ్గు దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు, వెనుకబడిన ఇంటి పిల్లవాడు ఒక్క దూకుతో అందుకోవాలని చూస్తాడు. అవసరం పడితే అతనికి దొరికేది గిరిగిరి అప్పు, తాకట్టు పెట్టిన ఏటీఎం కార్డు.

రెండవది, వడ్డీకి దూరంగా ఉండదలచిన ముస్లింకు భరోసా గల సంస్థ లేకపోవడం. బ్యాంకు రుణాలలో ముస్లింల వాటా ఎంత తక్కువో 2006లో సచార్ కమిటీ చూపింది. వడ్డీలేని బ్యాంకింగును పరిశీలించాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసింది. 2017 నాటికి రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. ఆ ఖాళీలోకి ప్రవేశించినవే హలాల్ పేరిట డిపాజిట్లు సేకరించిన హైదరాబాదు హీరా గ్రూపు, బెంగళూరు ఐఎంఏ. 2018, 2019లలో అవి కూలినప్పుడు ఎన్ని ఇళ్లలో నికాహ్ కోసం దాచిన సొమ్ము పోయిందో మనకు తెలియనిది కాదు. "వడ్డీ కాదు, లాభంలో వాటా" అన్న నాటి మాటనే నేడు కాయిన్ ఏజెంట్లు వల్లిస్తున్నారు.

బిట్‌కాయిన్ వ్యాపారం నిషిద్ధమని ఈజిప్టు ప్రధాన ముఫ్తీ 2018లో అన్నారు. క్రిప్టోను కరెన్సీగా వాడడం హరామ్ అని ఇండోనేషియా ఉలమా మండలి 2021లో ప్రకటించింది. షరతులతో అనుమతించే పండితులూ ఉన్నారు. ఆ చర్చ ఉలమాలది. అయితే మన వీధిలో అమ్ముతున్నది ఆ చర్చకు సైతం అందదు. నెలకింత అని ముందే ఖాయం చేసి, మరో ఇద్దరిని చేర్పించమనేది వ్యాపారం కాదు, గొలుసుకట్టు మోసం.

మూడవది, అన్నిటికంటె బలమైనది, చెప్పే మనిషి మీది నమ్మకం. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ దందా బయటపడినప్పుడు ప్రభుత్వ ఉద్యోగులే ఏజెంట్లుగా పట్టుబడ్డారు. మాస్టారు చెబితే, బావమరిది చెబితే కాగితం అడగాలని ఎవరికి తోస్తుంది?

"సర్కారే పన్ను వేసింది, కనుక ఇది చట్టబద్ధం" అనే వాదనకూ జవాబు చెప్పాలి. క్రిప్టోకు బ్యాంకు సేవలు అందకుండా 2018లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను ఉన్నది. పన్ను వసూలు పూచీకత్తు కాదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే పేరున్న ఎక్స్చేంజి నుంచే సుమారు 2 వేల కోట్ల విలువైన క్రిప్టో దొంగల పాలయింది. అక్కడ డిపాజిటు బీమా లేదు.

కనుక మా విన్నపాలు మూడు. పదవీ విరమణ సొమ్ము అందే కుటుంబాలతో మస్జిద్ కమిటీలు, కార్మిక సంఘాలు ముందుగానే కూర్చొని మాట్లాడాలి. వడ్డీలేని పరపతి సహకార సంఘాన్ని చట్టప్రకారం రిజిస్టరు చేయించి, ఏటా లెక్కలు జమాఅత్ ముందు చదవాలి. లెక్క చూపని సంఘం మరో ఐఎంఏ అవుతుంది. ఇక కాంట్రాక్టు కార్మికుని వేతనం కోసం గట్టిగా అడగాలి.

మా దగ్గరకు వచ్చిన ఆ పెద్దమనిషితో పన్ను పేరిట మరొక్క రూపాయి కట్టనివ్వలేదు. 1930కి ఫోను చేయించి ఫిర్యాదు నమోదు చేయించాము. సొమ్ము ఇంకా రాలేదు. వెంటనే చెప్పి ఉంటే బ్యాంకులో ఆపే అవకాశం ఉండేది. ఆయన నాలుగు నెలలు ఇంట్లో భార్యకు కూడా చెప్పక దాచాడు. నలుగురిలో నవ్వులపాలవుతానని భయపడ్డానన్నాడు. అటువంటివారు వస్తే నవ్వకుండా కూర్చోబెట్టి వినడం మనవల్ల అయ్యే పని. దానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కరలేదు.