"ఎన్ని ఇంచులు?" అనడిగే షాపులో బండి పెట్టకండి

మా ఆఫీసు పార్కింగులో ఓ కొత్త జబ్బు మొదలైంది. ఎవరైనా జిమ్నీ కొన్నారంటే నెల తిరక్కుండా దాన్ని పైకెత్తించాల్సిందే. "ఎన్ని ఇంచులు బాసూ?" అన్నదే పలకరింపు. రెండంటే జాలి, మూడంటే గౌరవం. నేనేదో ఒడ్డున కూచుని నవ్వుతున్నాననుకునేరు, నేనూ ఆ తానులో ముక్కనే. మూడించుల లిఫ్ట్ కిట్ వేయించి, అయిదు నెలలు ఊరేగి, తీయించేసుకున్న జ్ఞానంతో రాస్తున్నా. కోప్పడేవాళ్ళు చివరిదాకా చదివి కోప్పడండి.

ముందు ఓ అపోహ. లిఫ్ట్ వేస్తే బండి కింద ఖాళీ పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, బాడీ కింద. కానీ జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్ళు. డిఫరెన్షియల్ అనే ఇనప గుమ్మడికాయ యాక్సిల్‌లోనే ఉంటుంది, స్ప్రింగులు దాని పైనుంటాయి. స్ప్రింగు పొడుగైతే పైనున్న బాడీ లేస్తుంది. గుమ్మడికాయ మాత్రం ఎక్కడుందో అక్కడే! దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం. లెక్క కావాలా? కంపెనీ టైరు 195/80 ఆర్15, వ్యాసం 693 మి.మీ. దాని బదులు 215/75 వేస్తే 703 చిల్లర, అంటే డిఫరెన్షియల్ కింద లాభం 5 మి.మీ. ఏకంగా 235/75 కి వెళ్తే 20.

వికారాబాద్ అవతల మా మిత్రుడి పొలం బాటలో ఓ బండరాయి ఉంది. లిఫ్టుకి ముందు వెనక డిఫరెన్షియల్ దానికి తగిలేది. లిఫ్టు తరవాతా తగిలింది. అదే రాయి, అదే చోటు, అదే చప్పుడు. తేడా అల్లా నా జేబులోనే.

మరి లిఫ్టు శుద్ధ దండగా? కాదు. మన అయిదు తలుపుల జిమ్నీ వీల్‌బేస్ 2590 మి.మీ. ముందు కోణం 36 డిగ్రీలు, వెనక కోణం 46, రెండూ భేషుగ్గా ఉన్నాయి. మధ్యలో మాత్రం 24 డిగ్రీలే. గట్టు దాటేటప్పుడు పొట్ట ఆనుకోవడమే దీని అసలు బలహీనత. ఓ 40 మి.మీ. ఎత్తితే అక్కడ మూడు నాలుగు డిగ్రీలు కలిసొస్తాయి. పెద్ద టైరు రాసుకోకుండా కాస్త చోటూ దొరుకుతుంది. అవి న్యాయమైన కారణాలే. నా గొడవల్లా ఇంచుల పిచ్చితో.

కోడ్‌లో ఒక్క లైబ్రరీ వెర్షన్ మార్చాలంటే ఏమేం విరుగుతాయో అని నాలుగు మీటింగులు పెట్టే జాతి మనది. అదే బండి విషయానికొచ్చేసరికి సాయంత్రానికి స్ప్రింగులు మార్పించుకుని ఇంటికెళ్ళిపోతాం. బాడీ లేస్తే ముందు యాక్సిల్ కొంచెం తిరిగి క్యాస్టర్ కోణం తగ్గుతుంది, స్టీరింగు తనంతట తాను మధ్యకి రావడం మానేస్తుంది. పాన్‌హార్డ్ రాడ్ యాక్సిల్‌ని ఓ పక్కకి లాగుతుంది. చక్రం కిందకి వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు సాగుతాయి. వీటన్నిటికీ విరుగుళ్ళున్నాయి. నాకు "కిట్" పేరుతో ఇచ్చింది మాత్రం స్ప్రింగులూ, షాకులూ. అంతే.

దాని ఫలితం ఔటర్ రింగు రోడ్డు మీద తెలిసింది. గంటకి తొంభైలో ఉన్నా, పిల్లలు వెనక సీట్లో. ముందు లారీలోంచి గోనెసంచి జారిపడింది. స్టీరింగు ఓ పక్కకి కోసి వెనక్కి తిప్పాను. బండి అటొక ఊపు, ఇటొక ఊపు.. రెండు లేన్లు దాటాక గానీ నా మాట వినలేదు. అసలే దీని వెడల్పు 1645 మి.మీ., ఎత్తు 1720. వెడల్పు కంటే ఎత్తెక్కువున్న బండిని ఇంకా ఎత్తాన్నేను! ఆ క్షణం పక్క లేన్లో ఎవరూ లేకపోబట్టి ఇవాళ ఇలా జోకులేస్తూ రాయగలుగుతున్నా.

ఇక అసలు మోసం స్ప్రింగుల్లో ఉంది. ఇనప బంపరూ, వించీ, పైన క్యారేజీ మోసే బండికి గట్టి స్ప్రింగు కావాలి. నా బండి మోసేది లాప్‌టాప్ సంచీ, ఆదివారం కూరగాయలూ. నాకూ అవే వేశారు. ఖాళీ బండికి గట్టి స్ప్రింగు వేస్తే అది బాగా కుంగదు, బండెప్పుడూ కాళ్ళ వేళ్ళ మీద నిలబడ్డట్టే. పీటేసుకుని ఎక్కిన మా అమ్మ వికారాబాద్ చేరేసరికి తేల్చేసింది, "ఒరేయ్, దీనికన్నా మీ తాత ఎడ్లబండి నయంరా" అని. ఆ షాపువాళ్ళు నన్నొక్క ప్రశ్న అడగలేదు: బండిలో మామూలుగా ఎంత బరువుంటుంది? లిఫ్ట్ కిట్ ఎంచుకోవడమంటే ఇంచులు ఎంచుకోవడం కాదండీ, కిలోలు ఎంచుకోవడం.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ నిర్దేశాలకి విరుద్ధమైన మార్పుల్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. "ఎవడు పట్టుకుంటాడ్లే" అంటారా? పోలీసు పట్టుకోకపోవచ్చు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు చూడకుండా వదలడు.

నన్నడిగితే వరస ఇదీ. ముందు బండిని ఉన్నదున్నట్టుగా బాటల్లో తిప్పండి, కింద తగిలేదేంటో చూడండి. డిఫరెన్షియల్ తగుల్తోందా? లిఫ్టు మాటే ఎత్తొద్దు. పట్టు చాలట్లేదా? మంచి టైర్లు వేసుకుని, బురదలో గాలి తగ్గించండి. పొట్టే తగుల్తోందా? ముందు కింద ఇనప రేకు వేయించండి. అన్నీ అయ్యాక కూడా కావాలనిపిస్తే 40 మి.మీ. దగ్గర ఆగండి. మీ బరువుకి తగ్గ స్ప్రింగు, దానికి జోడైన షాకు, క్యాస్టర్ సరిచేసే బుష్‌లు, సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్, చాలినంత బ్రేకు గొట్టం ఉంటేనే అది కిట్. ఆ ముక్క ముందే రవాణా ఆఫీసులో అడిగి మరీ వేయించుకోండి.

మూడించులూ పోయాక నా జిమ్నీ మళ్ళీ పొట్టిదైపోయింది. పార్కింగులో ఇప్పుడెవరూ పలకరించట్లేదు. అమ్మ మాత్రం పీట లేకుండా ఎక్కుతోంది.